సముదాయ మనస్తత్వ శాస్త్రం

సముదాయ మనస్తత్వ శాస్త్రం మనస్తత్వ శాస్త్రంలో ఒక శాఖ. మనిషి మనోస్థితిని అతని కుటుంబం, ఇరుగుపొరుగు, వృత్తి, ఊరు, సంత, ప్రభుత్వ విధానాలు మొదలైన వాటితో కలిపి అధ్యయనం చేయడం దీని ప్రత్యేకత. బాధ ముదిరిన తరువాత ఒక్కొక్కరికి చికిత్స చేయడంతో సరిపెట్టక, ఆ బాధకు దారితీసే పరిస్థితులను ముందుగానే మార్చడం ఈ శాస్త్రపు ప్రధాన లక్ష్యం.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ దృష్టి యొక్క అవసరాన్ని స్పష్టంగా చూపే ప్రాంతాలలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానం ముఖ్యమైనది. 1987-88లో ఇక్కడి పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రమంతటా చర్చనీయాంశమయ్యాయి. ఈ వ్యాసంలో శాస్త్ర పరిచయంతో పాటు ఈ మైదానపు అనుభవం, నివారణ ప్రయత్నాలు, వాటి పరిమితులు వివరించబడ్డాయి.

పేరు, పరిధి

సముదాయ మనస్తత్వ శాస్త్రాన్ని సామాజిక మనస్తత్వ శాస్త్రంతో పొరబడరాదు. ఇతరుల ప్రభావం వలన వ్యక్తి ఆలోచన, ప్రవర్తన ఎలా మారుతాయో సామాజిక మనస్తత్వ శాస్త్రం పరిశీలిస్తుంది. రోగి, వైద్యుడు, రోగ నిర్ధారణ, చికిత్స అనే చట్రంలో చికిత్సా మనస్తత్వ శాస్త్రం పనిచేస్తుంది. సముదాయ మనస్తత్వ శాస్త్రం మాత్రం "ఈ మనిషికి ఏమైంది?" అన్న ప్రశ్నతో పాటు "ఈ ఊరిలో ఇంతమందికి ఇలా ఎందుకు అవుతున్నది?" అని కూడా అడుగుతుంది. ప్రజారోగ్యం, సమాజ శాస్త్రం, అర్థశాస్త్రం, గ్రామీణాభివృద్ధి దీనికి దగ్గరి రంగాలు.

చరిత్ర

1942లో అమెరికాలోని బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే నైట్ క్లబ్ అగ్నిప్రమాదంలో 492 మంది మరణించారు. మృతుల బంధువులను, బ్రతికి బయటపడినవారిని ఎరిక్ లిండెమన్ అనే మనోవైద్యుడు పరిశీలించాడు. ఆపద వచ్చిన తొలి వారాలలో సరైన తోడ్పాటు లభిస్తే తరువాతి మానసిక సమస్యలను చాలావరకు నివారించవచ్చునని భావించాడు. ఆయన సహచరుడు జెరాల్డ్ కాప్లాన్ 1964లో ప్రచురించిన గ్రంథంలో మానసిక ఆరోగ్యానికి ప్రజారోగ్య సూత్రాలను అన్వయించి, నివారణను మూడు స్థాయిలుగా విభజించాడు.

1965 మే నెలలో బోస్టన్ సమీపంలోని స్వాంప్‌స్కాట్‌లో జరిగిన సమావేశాన్ని ఈ శాస్త్రపు ఆవిర్భావంగా పరిగణిస్తారు. మానసిక నిపుణులు క్లినిక్ గదిని దాటి సమాజంలోకి రావాలని ఆ సమావేశం అభిప్రాయపడింది. 1974లో సేమౌర్ సారాసన్ "సముదాయ భావన"ను ఈ శాస్త్రానికి కేంద్రంగా ప్రతిపాదించాడు. 1981లో జూలియన్ రాపపోర్ట్ సాధికారత అనే భావనను ముందుకు తెచ్చాడు.

భారతదేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో ప్రారంభమైంది. కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలో జరిగిన ప్రయోగం ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. తొలి విడతలో ఎంపికైన నాలుగు జిల్లాలలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన మెదక్ ఒకటి.

ముఖ్య భావనలు

* పర్యావరణ దృష్టి: వ్యక్తి చుట్టూ అనేక వలయాలు ఉంటాయి. ఇల్లు మొదటిది. తరువాత వీధి, బడి, పొలం; ఆపై మార్కెట్, బ్యాంకు, ప్రభుత్వ కార్యాలయం; అన్నిటికన్నా వెలుపల చట్టాలు, ధరలు, ఆచారాలు. వెలుపలి వలయంలో జరిగిన మార్పు లోపలి వలయాన్ని కదిలిస్తుంది.
* సముదాయ భావన: నేను ఈ ఊరివాడిని, నాకు కష్టం వస్తే ఈ ఊరు ఊరుకోదు అనే నమ్మకం. సభ్యత్వం, పరస్పర ప్రభావం, అవసరాలు తీరడం, భావోద్వేగ బంధం అనే నాలుగు అంశాలు దీనిలో ఉన్నాయని 1986లో మెక్‌మిలన్, చావిస్ అనే పరిశోధకులు వివరించారు.
* సాధికారత: తమ జీవితాన్ని ప్రభావితం చేసే నిర్ణయాలపై ప్రజలకు అదుపు లభించడం. సహాయం పొందేవారుగా మాత్రమే కాక, పరిష్కారాన్ని రూపొందించేవారుగా ప్రజలను చూడడం దీనిలోని సారం.
* బాధితునిపై నింద: సమాజ వ్యవస్థ లోపాన్ని వ్యక్తి లోపంగా చూపడం. విలియం రయాన్ 1971లో ఈ ధోరణిని విమర్శిస్తూ గ్రంథం వ్రాశాడు. అప్పులపాలైన రైతును దుబారా మనిషి అనో, తాగుబోతు అనో, గుండె దిటవు లేనివాడనో తేల్చివేయడం దీనికి మన గ్రామాలలో కనిపించే ఉదాహరణ.

నివారణ స్థాయిలు

1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా వ్యాపించినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు అక్కడి నీటి పంపును అనుమానించాడు. అతని సూచనపై పంపు పిడిని తొలగించారు. రోగులకు చికిత్స ఒక పని, పంపు పిడిని తీసివేయడం మరొక పని, రెండూ అవసరమే. నివారణను వివరించే సందర్భాలలో తరచుగా చెప్పే ఉదాహరణ ఇది.

* ప్రాథమిక నివారణ: సమస్య పుట్టకుండా చూడడం. ఉదాహరణకు గిట్టుబాటు ధర, పంటల బీమా, కౌలుదారుకు బ్యాంకు రుణం, అత్యంత విషపూరితమైన పురుగుమందుల నిషేధం.
* ద్వితీయ నివారణ: సమస్యను తొలి దశలోనే గుర్తించి తోడ్పడడం. పంట పోయిన ఇంటిని పలకరించడం, కుంగుబాటు లక్షణాలను ఆశా కార్యకర్త గుర్తించడం ఈ కోవకు చెందుతాయి.
* తృతీయ నివారణ: జరిగిన నష్టం ఇంకా పెరగకుండా చూడడం. ఇంటి పెద్దను కోల్పోయిన కుటుంబానికి పరిహారం, పిల్లల చదువు, అప్పుల పరిష్కారం ఇందులోకి వస్తాయి.

గుంటూరు, ప్రకాశం మైదానం

1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు తరువాత ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో పూర్వపు గుంటూరు జిల్లా నుండి పల్నాడు జిల్లా, గుంటూరు, ప్రకాశం జిల్లాల భాగాలతో బాపట్ల జిల్లా ఏర్పడ్డాయి. ఈ వ్యాసంలో జిల్లాల పేర్లు పూర్వపు సరిహద్దులను ఉద్దేశించినవి.

చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి పరిసరాలలో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు పల్నాడు మీదుగా ప్రకాశం జిల్లా వరకు ప్రవహిస్తుంది. 1970వ దశకంలో సంకర జాతి పత్తి విత్తనాల రాకతో ఇక్కడ పత్తి సాగు వేగంగా విస్తరించింది. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోని అతి పెద్ద మిరప మార్కెట్‌గా ప్రసిద్ధి చెందింది.

పత్తి, మిరప రెండూ పెట్టుబడి ఎక్కువ, చీడపీడలు ఎక్కువ, ధరల ఒడిదుడుకులు ఎక్కువ ఉన్న పంటలు. విత్తనం, ఎరువు, పురుగుమందు దుకాణంలో అప్పుగా తెచ్చుకొని, పంట అమ్మిన తరువాత వడ్డీతో తీర్చడం చాలాచోట్ల వాడుక. పంటకు అప్పు ఇచ్చిన కమీషన్ వ్యాపారి ద్వారానే సరుకు అమ్ముకోవలసి రావడం కూడా కద్దు. కౌలుకు చేసే రైతు పైరు పెట్టకముందే కౌలు డబ్బు చెల్లించవలసిన సందర్భాలు ఉన్నాయి. ఇటువంటి చోట ఒక్క పంట పోతే రైతు ఒకేసారి దుకాణదారుకు, వడ్డీ వ్యాపారికి, భూమి యజమానికి ముఖం చాటు చేయవలసి వస్తుంది.

ముఖ్య సంఘటనలు

1980వ దశకంలో సింథటిక్ పైరెత్రాయిడ్ మందుల వాడకం పెరిగింది. ఈ మందులను విచక్షణ లేకుండా పదే పదే చల్లడం వలన మిత్రపురుగులు నశించి, తెల్లదోమ విజృంభించింది. ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాలలో పలువురు పత్తి రైతులు ఆత్మహత్యలకు పాల్పడ్డారు. 1997-98లో ఇదే విషాదం వరంగల్ జిల్లాలో మరింత పెద్ద ఎత్తున పునరావృతమైంది.

మిరప రైతుకు కష్టం రెండు వైపుల నుండి వచ్చింది. 2017లో దిగుబడి బాగా వచ్చినా ధర పతనమైంది; ఆ ఏడాది మే నెలలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం క్రింద క్వింటాలుకు 5,000 రూపాయల ధర ప్రకటించింది. 2021-22 పంటకాలంలో కొత్తగా వచ్చిన నల్ల తామర పురుగు పూతను దెబ్బతీసి, తోటలను పీకివేయవలసిన స్థితి తెచ్చింది. మొదటిసారి పంట ఉండి ధర లేదు, రెండవసారి పంటే లేదు.

మనోవ్యధకు మూలాలు

ఆత్మహత్యకు ఏదో ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు. అప్పు, పంట నష్టం, అనారోగ్యం, మద్యం, కుటుంబ కలహాలు, కుంగుబాటు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయి. అయితే ఈ కారణాలు వ్యక్తిలోనే పుట్టవు. కుంగుబాటుకు మందు వాడుతున్న రైతు ఇంటి గడపలో అప్పులవాడు కూర్చొని ఉంటే ఆ మందు చేయగల మేలు పరిమితమే. అదే విధంగా, అప్పు మాఫీ అయినా తీవ్రమైన కుంగుబాటుకు చికిత్స అందని మనిషికి ముప్పు తొలగినట్లు కాదు.

వీటికి తోడు అవమాన భారం ఉంది. ఊరిలో మాట పోవడం, పదిమందిలో అప్పు అడిగించుకోవడం, కూతురి పెళ్ళి ఆగిపోవడం వంటివి ధన నష్టానికి మించిన గాయాలు. నష్టం వచ్చిన రైతు క్రమంగా రచ్చబండకు రావడం మానివేయడం, పెళ్ళిళ్ళకు పేరంటాలకు వెళ్ళకపోవడం ఒంటరితనానికి సూచనలు. ఇవి ఇరుగుపొరుగు వారికి, ఇంటి వారికి వైద్యుని కన్నా ముందుగా కనిపిస్తాయి. అందువలన తొలి దశ నివారణ గ్రామంలోనే సాధ్యం.

నివారణ ప్రయత్నాలు

పురుగుమందుల నియంత్రణ

పురుగుమందు అందుబాటులో ఉండడం క్షణికావేశాన్ని మరణంగా మార్చగలదు. ఆ క్షణం గడిచిపోతే చాలామంది తిరిగి జీవితంలోకి వస్తారు. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన మందులను దశలవారీగా నిషేధించిన తరువాత, 1995 నాటి గరిష్ఠ స్థాయితో పోలిస్తే రెండు దశాబ్దాలలో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. అదే దేశంలో ఇంటింటికి తాళం పెట్టెలు ఇచ్చి 180 గ్రామాలలో చేసిన పరిశోధన 2017లో ప్రచురితమైంది. ఆ పెట్టెల వలన ప్రయోజనం కనిపించలేదు. జాగ్రత్త భారాన్ని ఒక్కొక్క ఇంటిపై మోపడం కన్నా విషం మార్కెట్‌లోకే రాకుండా చూడడం ఫలితమిస్తుందని ఈ రెండు అనుభవాలు సూచిస్తున్నాయి.

భారతదేశంలో 2011లో సుప్రీం కోర్టు ఎండోసల్ఫాన్‌ను నిలిపివేసింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 18 పురుగుమందులను నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చింది. వీటిలో ఆరింటికి 2020 చివరి వరకు గడువు ఇచ్చారు.

పురుగుమందులు లేని సాగు

ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామ రైతులు వేప కషాయం, ఎర పంటలు, లింగాకర్షక బుట్టల వంటి పద్ధతులతో రసాయన మందులను పూర్తిగా మానివేశారు. 2004-05 నుండి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ద్వారా ఇటువంటి సాగును రాష్ట్రంలో విస్తరింపజేసింది. మందులు మానిన నాలుగు గ్రామాలను, మానని నాలుగు గ్రామాలను పోల్చి లక్ష్మీ విజయకుమార్ తదితరులు 2009లో ప్రచురించిన అధ్యయనం, మందులు మానిన గ్రామాలలో ఆత్మహత్యలు తగ్గినట్లు తెలిపింది. గ్రామాల సంఖ్య తక్కువ కనుక దీనిని తుది నిర్ణయంగా భావించరాదు. ప్రస్తుతం రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి సాగు కార్యక్రమం జరుగుతున్నది. దీనికి 2024లో గుల్బెంకియన్ బహుమతి లభించింది.

ఈ పద్ధతిలో సముదాయ మనస్తత్వ శాస్త్రపు దృష్టిలో గమనించదగినది ఖర్చు తగ్గడం ఒక్కటే కాదు. దుకాణదారు సలహాపై ఒంటరిగా ఆధారపడిన రైతు, తోటి రైతులతో కలిసి పురుగును గుర్తించి కలిసి నిర్ణయించడం నేర్చుకొంటాడు.

మహిళల సమిష్టి చర్య

ప్రకాశం జిల్లాకు పొరుగున ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా చదివిన పాఠం, రాత్రి బడిలో జరిగిన చర్చ దీనికి ప్రేరణ. తాగుడు తమ ఇంటి గుట్టు అని భావించిన స్త్రీలు అది ఊరందరి సమస్య అని గ్రహించారు. ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. సంపూర్ణ నిషేధం 1997లో సడలించబడింది. సాధికారత అనే భావనకు తెలుగునాట ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అరుదు.

మానసిక ఆరోగ్య సేవలు

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వివిధ మానసిక రుగ్మతలు ఉన్నవారిలో 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఈ లోటును తగ్గించడానికి ఆశా కార్యకర్తలకు శిక్షణనిచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని వరకు రోగిని చేర్చే పద్ధతిని పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ప్రయోగించారు. మానసిక అనారోగ్యం పట్ల గ్రామస్థులలో ఉన్న చిన్నచూపును తగ్గించడం కూడా ఆ ప్రయోగంలో భాగం.

తెలంగాణలోని వికారాబాద్ జిల్లాలో 2017లో ప్రారంభమైన కిసాన్ మిత్ర సహాయ కేంద్రం మరొక ఉదాహరణ. రైతు ఫోను చేస్తే ఓదార్చి ఊరుకొనక, పాసు పుస్తకం, రుణం, పరిహారం వంటి చిక్కులను సంబంధిత కార్యాలయాల దృష్టికి తీసుకువెళ్ళడం దీని పద్ధతి.

బాధిత కుటుంబాలకు తోడ్పాటు

2004 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం జి.ఓ. 421 ద్వారా మృతుల కుటుంబాలకు లక్ష రూపాయల సహాయం, అప్పుల పరిష్కారానికి 50 వేల రూపాయలు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ మొత్తాన్ని 2015లో 5 లక్షలకు, 2019లో 7 లక్షలకు పెంచారు. అధికారుల విచారణలో అప్పు పత్రాలు, భూమి పత్రాలు అడుగుతారు. నోటిమాట కౌలుకు పత్రం ఉండదు, ప్రైవేటు అప్పుకు రుజువు దొరకదు. 2011 నాటి చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు కల్పించింది. 2019లో దాని స్థానంలో వచ్చిన చట్టం ప్రకారం సాగు హక్కు పత్రానికి భూమి యజమాని అంగీకారం కావాలి. దీనివలన అత్యధిక ముప్పులో ఉన్నవారే సహాయానికి దూరమయ్యే అవకాశం ఉంది.

సముదాయం వలన కీడు

సముదాయం ఎల్లప్పుడూ మేలే చేస్తుందని భావించడం పొరపాటు. సూక్ష్మ రుణ సంస్థలు సభ్యులు ఒకరికొకరు పూచీగా ఉండే గుంపులకు అప్పులిచ్చాయి. వాయిదా కట్టలేని స్త్రీపై తోటి సభ్యులే ఒత్తిడి తెచ్చే పరిస్థితి ఏర్పడింది. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు ఇటువంటి సంస్థల శాఖలను మూసివేయించారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం వీటి నియంత్రణకు ఆర్డినెన్సు తెచ్చింది. ఇరుగుపొరుగు అనే బంధమే రక్షణ కవచం కాగలదు, అదే ఉరితాడు కాగలదు. కులం, భూమి, స్త్రీ పురుష భేదాలు కూడా ఎవరి బాధను ఊరు పట్టించుకొంటుందో నిర్ణయిస్తాయి. పొలంలో సగం పని చేసినా పట్టా లేని స్త్రీని రైతుగా లెక్కించకపోవడం దీనికి నిదర్శనం.

విమర్శలు, పరిమితులు

ఈ శాస్త్రంపై రెండు వైపుల నుండి విమర్శలున్నాయి. సామాజిక కారణాలపై దృష్టి పెట్టి, తక్షణ వైద్యం అవసరమైన వ్యక్తిని విస్మరించే ప్రమాదం ఉందని కొందరు మనోవైద్యులు హెచ్చరిస్తారు. మరొక వైపు, ఆర్థిక సమస్యను మనస్సు సమస్యగా మార్చి, ధర, రుణం, కౌలు చట్టం వంటి బాధ్యతల నుండి ప్రభుత్వాలు తప్పుకోవడానికి కౌన్సెలింగ్ సాకుగా మారుతుందని రైతు ఉద్యమకారులు అంటారు. రైతు సంక్షేమంపై 2004లో రాష్ట్ర ప్రభుత్వం జయతీ ఘోష్ అధ్యక్షతన నియమించిన కమిషన్ సంక్షోభ మూలాలను వ్యవసాయ విధానాలలో, రుణ వ్యవస్థలో, కౌలు రైతుల స్థితిలో చూసింది.

ఈ రెండు విమర్శలనూ కలిపి చూస్తే శాస్త్రపు సరైన స్థానం తెలుస్తుంది. గిట్టుబాటు ధరకు ఓదార్పు ప్రత్యామ్నాయం కాదు. చికిత్సకు రుణమాఫీ ప్రత్యామ్నాయం కాదు. ఈ రెండింటి మధ్య తెగిపోయిన దారిని గ్రామ స్థాయిలో కలపడం సముదాయ మనస్తత్వ శాస్త్రం చేయగల పని. పంట పోయిన వారంలోనే ఆ ఇంటికి ఎవరు వెళ్తారు, బ్యాంకుకు ఎవరు తోడు వస్తారు, ఆసుపత్రికి ఎవరు తీసుకువెళ్తారు అనే మూడు ప్రశ్నలకు ఊరిలో ముందే సమాధానం ఉన్నప్పుడు నివారణ మొదలైనట్లు చెప్పవచ్చు.

సహాయం

కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవ 2022 అక్టోబరు 10న ప్రారంభమైంది. 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో కూడా మాట్లాడవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యా ప్రయత్నం చేసిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి ప్రభుత్వం సంరక్షణ కల్పించాలి. అందువలన కేసు భయంతో ఆసుపత్రికి తీసుకువెళ్ళడం ఆలస్యం చేయరాదు.